దస్తర్‌ఖాన్, తాలింఖానా: పాతబస్తీ చెప్పు దేహపాఠము

ఒళ్లు తగ్గించుకొనుట ఎట్లు అను ప్రశ్న ఈనాడు మన ఇండ్లలో తరచుగా వినబడుచున్నది. పది కిలోలు, ఇరువది కిలోలు, ఒక్కొక్కప్పుడు ముప్పది కిలోలు తగ్గినవారి కథలు బంధుమిత్రుల నోట ప్రచారమగుచున్నవి. అన్నము మానితిమని ఒకరు, తెల్లవారుజామున నడిచితిమని మరొకరు, రాత్రి భోజనము విడిచితిమని ఇంకొకరు చెప్పుదురు. ఇదంతయు మన కాలమునకే వచ్చిన చింత అనియు, పూర్వులకు దీనితో పని లేకుండెననియు పలువురు తలచుచున్నారు. హైదరాబాదు పాతబస్తీ చరిత్రను పరిశీలించినచో ఆ అభిప్రాయము నిలువదు. అచ్చట స్థూలకాయమునకు చికిత్స ఎరిగిన వైద్యులుండిరి. దేహమును లెక్క ప్రకారము పెంచి, లెక్క ప్రకారము తగ్గించిన మల్లులుండిరి.

దస్తర్‌ఖాన్ అనగా భోజనమునకై పరచు వస్త్రము. తాలింఖానా అనగా కుస్తీ నేర్చు చోటు. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఒక్కటే. ఈ రెండింటి జమాఖర్చు ఒకే పద్దులో నడచినంతకాలము దేహము అదుపులో ఉండినది. ఆ పద్దు విడిపోయి, దస్తర్‌ఖాన్ మిగిలి, తాలింఖానా మరుగున పడిన తరువాత చిక్కు మొదలైనది.

మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో చార్మినారును కట్టించినాడు. నాలుగేండ్లకు, అనగా 1595లో, మూసీనది దక్షిణపు వైపున దారుల్‌షిఫా అను వైద్యశాలను నెలకొల్పినాడు. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టును రెండంతస్తుల గదులు. రోగులకు చికిత్స, విద్యార్థులకు వైద్యబోధ రెండును అచ్చట జరిగినవి. ఆ పేట నేటికిని ఆ పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. అచ్చటి వైద్యము యూనానీ. యూనాన్ అనగా గ్రీసు దేశము. గ్రీకుల వైద్యము అరబ్బు, పారశీక పండితుల చేతుల మీదుగా దక్కనునకు వచ్చి, ఇచ్చటి మూలికలతో, ఇచ్చటి వంటయింటితో పరిచయము చేసికొన్నది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలములో చార్మినారునకు చేరువనే నిజామియా యూనానీ వైద్యశాల వెలసినది. ఆ పరంపర ఇప్పటికిని తెగిపోలేదు.

యూనానీ వైద్యులు ఆరోగ్యమునకు ఆధారములుగా ఆరింటిని చెప్పుదురు. గాలి మొదటిది, అన్నపానములు రెండవది, దేహము యొక్క కదలిక, విశ్రాంతి మూడవది. మనస్సు యొక్క కదలిక, విశ్రాంతి నాలుగవది. నిద్రయు మెలకువయు అయిదవది. మలములు వెడలుట, నిలుచుట ఆరవది. వీనిలో ఏ ఒక్కదానిని సవరించినను తక్కిన అయిదింటిని చూచుకొనవలెనని వారి మతము. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్ మిక్కిలి లావైన రోగి నొకనిని ఎట్లు తగ్గించినాడో స్వయముగా వ్రాసియున్నాడు. ఉదయమున చెమట పట్టువరకు పరుగెత్తించి, ఒళ్లు మర్దన చేయించి, స్నానము చేయించి, ఆ తరువాత కడుపు నిండునట్టి, కాని పుష్టి తక్కువగల ఆహారము నిచ్చినాడు. 1037లో మరణించిన ఇబ్న్ సీనా కూడ ఇదే మార్గమును బోధించినాడు: పరిమాణములో ఎక్కువ, పోషణలో తక్కువ అయిన ఆహారము, చురుకైన వ్యాయామము, భోజనమునకు ముందు స్నానము. ఈ వైద్యులలో ఎవ్వరును రోగి కడుపును మాడ్చుమని చెప్పలేదన్నది గమనింపదగిన విషయము. ఆకలి తీరవలెను, కాని పోషణ మితము కావలెను. ఇదియే వారి కీలకము.

మన ఆయుర్వేదమును చూచినచో ఇదే మాట వేరొక భాషలో వినవచ్చును. చరకుడు మిక్కిలి లావైనవానిని, మిక్కిలి చిక్కినవానిని ఇరువురిని రోగులుగానే ఎంచినాడు. లావైనవానికి ఆయుష్షు తగ్గుట, కదలికలో మాంద్యము, దౌర్బల్యము, అధికమైన చెమట, తీరని ఆకలి దప్పికలు కలుగునని చెప్పినాడు. చికిత్సకు జీర్ణించుటకు బరువై, పుష్టి తక్కువగా నిచ్చు ఆహారమును విధించినాడు. యవలు, సామలు, ఆరికలు, పెసలు, ఉలవలు, మజ్జిగ ఆ పట్టికలోనివి. వీనిలో సామలు, ఆరికలు, ఉలవలు మన తెలంగాణపు మెట్టచేలలో తరతరాలుగా పండినవే. వ్యాయామమును, మనస్సుతో చేయు పనిని క్రమక్రమముగా పెంచుకొనవలెనని కూడ ఆయన చెప్పినాడు. ‘క్రమక్రమముగా’ అన్న ఈ ఒక్క మాటను నేటి తొందరలో మనము మరచుచున్నాము.

వైద్యుల మాట రోగులకు. ఆరోగ్యవంతులకు ఇదే పాఠమును నేర్పినది తాలింఖానా. దక్కనులో మల్లవిద్య ఎంత పాతదో తెలిసికొనుటకు కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుని ‘మానసోల్లాసము’ సాక్ష్యము. పండ్రెండవ శతాబ్దమునాటి ఈ గ్రంథములో మల్లులను వయస్సును బట్టి, దేహమును బట్టి తరగతులుగా విభజించినారు. వారికి పప్పుధాన్యములు, మాంసము, పాలు, మిఠాయిలు రాజే సమకూర్చవలెనని చెప్పబడినది. వ్యాయామములకు వేరువేరు పేర్లు కలవు: బరువులతో చేయునది భారశ్రమ, నడచుట భ్రమణశ్రమ, నీటిలో ఈదుట సలిలశ్రమ, స్తంభముపై చేయునది స్తంభశ్రమ. ఉత్త నడకకు కూడ ఒక పేరు పెట్టి, దానిని విద్యలో భాగముగా గౌరవించిన సంప్రదాయ మిది.

పాతబస్తీలోని తాలింఖానాలు ఈ సంప్రదాయమునకే వారసులు. మెత్తగా త్రవ్విన మట్టి, ఒక మూల కొయ్య ముద్గరములు, గోడన ఒక దీపము. తెల్లవారకముందే శిష్యులు చేరుదురు. దండీలు, బస్కీలు వందల లెక్కన తీయుదురు, ముద్గరములు త్రిప్పుదురు, మట్టిని తామే త్రవ్వి చదును చేయుదురు. గురువును ఉస్తాద్ అందురు. శిష్యుడు ఎన్ని బస్కీలు తీయవలెనో, ఎన్ని బాదముపప్పులు, ఎంత పాలు, ఎంత నెయ్యి పుచ్చుకొనవలెనో చెప్పునది ఆ ఉస్తాదే. పనియు, తిండియు ఒకే నోటినుండి వచ్చునన్నమాట. శ్రమ పెరిగిన నెలలో పాలు పెరుగును, శ్రమ తగ్గిన నెలలో నెయ్యి తగ్గవలెను. ఈ రెండవ సగమును మరచిన పహిల్వానుల గతి అందరును ఎరిగినదే. కుస్తీ మానిన తరువాత కూడ కుస్తీనాటి భోజనమునే సాగించినవాడు కొలది ఏండ్లలో నడువలేనంతగా లావెక్కును. దేహము కుస్తీ మానినదని చేతులు కాళ్లు ఎరుగును గాని, నాలుకకు ఆ వార్త ఆలస్యముగా అందును.

ఇక దస్తర్‌ఖాన్ సంగతి. పాతబస్తీ అనగానే బిర్యానీ, హలీము, నహారీ, డబల్ కా మీఠా గుర్తుకు వచ్చును. హలీమునకు గోధుమలు, మాంసము, పప్పులు, నెయ్యి గంటలకొలది ఉడికించి, పెద్ద కొయ్యగుత్తులతో మెదుపుదురు. హైదరాబాదీ హలీమునకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. దానికి మూలబంధువైన హరీస్ అను వంటకము బార్కస్ పేటలో నేటికిని ప్రసిద్ధము. బార్కస్ అన్న పేరు ‘బారక్స్’ అను ఆంగ్లపదమునకు రూపాంతరము. నిజాముల కొలువులో యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చిన అరబ్బు సిపాయిలు అచ్చట కాపురముండిరి. కుస్తీకిని, కండల పోషణకును ఆ పేట పేరు మోసినది. గోధుమ, మాంసము, నెయ్యి కలిసిన ఆ బలవర్ధకమైన వంట ఉదయమంతయు కవాతు చేయు సిపాయికి తగిన కూడు.

ఈ వంటలన్నియు అందరి ఇంటను ప్రతిదినము వండబడినవని తలచుట పొరపాటు. దేవిడీలలోని అమీరులకు అవి నిత్యము. సామాన్యులకు పెండ్లి, పండుగ, దావతులనాడు మాత్రమే ప్రాప్తము. తక్కిన దినములలో జొన్నరొట్టె, కిచిడీ, చింతపండు పులుసు వారి ఆహారము. ఆ కొద్ది తిండికి కూడ శ్రమ తోడుగా ఉండేది. బావినుండి నీరు తోడవలెను, తిరుగలి త్రిప్పవలెను, రోట దంచవలెను, చౌక్‌కు నడిచిపోవలెను. లాడ్‌బజారులో లక్కగాజులు చేయువారును, చట్రము ముందు జరీపని చేయువారును పనివేళ కూర్చుండియే ఉండిరి. కాని ఇంటి పనియు, వీధి నడకయు వారి దేహమునకు కావలసిన కదలికను కల్పించినవి.

ఈ ఏర్పాటు ఒక్కసారిగా కూలలేదు. కాని కొన్ని సంవత్సరములను గుర్తుగా చెప్పుకొనవచ్చును. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశములో విలీనమైనది. నిజాము సేనలు రద్దయినవి. బార్కస్ సిపాయిల జీవనాధారము పోయినది. 1949లో జాగీర్దారీ విధానము రద్దయినది. మల్లులను పోషించిన దాతలు దాదాపుగా లేకపోయిరి. ప్రజలకు ఇది స్వేచ్ఛ తెచ్చిన మార్పు. అందుకు మనము విచారింపవలసినది లేదు. అయినను కవాతు ఆగి హరీస్ మిగిలినదన్నది నిజము. తరువాత కొళాయి వచ్చినది, పిండిమర వచ్చినది, మోటారుసైకిలు వచ్చినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము పేదల ఆకలిని తీర్చినది. దానితోపాటు తెలంగాణ పళ్లెములో జొన్న వెనుకకు జరిగి, తెల్లని బియ్యము ముందుకు వచ్చినది. నూనె, చక్కెర చేరువైనవి. పండుగనాటి వంట వారమువారము వంట అయినది. దస్తర్‌ఖాన్ అమీరులనుండి అందరికిని దిగివచ్చినది. తాలింఖానా మాత్రము సన్నసన్నగా గల్లీ చివరకు తప్పుకొన్నది.

ఆకలి పోయి అధికాహారము వచ్చిన ఈ మలుపునకు మన నగరములోనే మరొక సాక్షి కలదు. 1918లో నీలగిరులలోని కూనూరులో మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి ఒక చిన్న పరిశోధనశాలను ఆరంభించినాడు. అది పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. తార్నాకలోని ఆ సంస్థ తొలి దశాబ్దములలో తిండి చాలక వచ్చు వ్యాధులను పరిశీలించినది. చిక్కి శల్యమైన పిల్లలే దాని ప్రధాన చింత. 2024లో అదే సంస్థ ప్రకటించిన ఆహార నియమములలో ఊబకాయమును నివారించుట ఒక ముఖ్యాంశము. ఆకలి ఇంకను మన దేశమును విడువలేదు. దాని ప్రక్కనే అధికాహారము వచ్చి కూర్చున్నది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశములోని స్త్రీలలో 24 శాతము, పురుషులలో 23 శాతము అధికబరువు గలవారని తేలినది. తెలంగాణలో ఈ సంఖ్యలు 30 శాతమునకు తక్కువ కాలేదు.

లెక్క తెలిసినచో దారి సులభమగును. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తు వర్గముతో భాగించగా వచ్చునది దేహసూచిక. భారతీయులకు అది 23 దాటినచో అధికబరువు, 25 దాటినచో ఊబకాయము. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తుగల మనిషి 64 కిలోలకు చేరినప్పుడు ఆ 25ను తాకును. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కిలోకాలరీల శక్తి దాగియుండును. వారమునకు అరకిలో చొప్పున తగ్గుట క్షేమమని పోషకాహార సంస్థ చెప్పుచున్నది. అనగా దినమునకు 550 కిలోకాలరీల లోటు. తగ్గదలచినవారి ఆహారమైనను దినమునకు 1,000 కిలోకాలరీలకు దిగరాదనియు హెచ్చరించుచున్నది.

ఈ 550ని నడకతో మాత్రమే సాధింపవచ్చునా? 80 కిలోల మనిషి ఒక గంట చురుకుగా నడచినచో ఖర్చగునది సుమారు 250 నుండి 300 వరకు. రెండు పెద్ద చెంచాల నెయ్యి దానిని ఇంచుమించుగా పూడ్చివేయును. లండనులో విలియం బాంటింగ్ అను వ్యాపారికి ఇది అనుభవములోనే తెలిసినది. అయిదడుగుల అయిదంగుళముల ఎత్తునకు ఆయన బరువు 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోలు. వైద్యుల సలహాపై ప్రతి ఉదయము పడవ నడిపినాడు. బలము పెరిగినది, దానితో ఆకలియు పెరిగినది, బరువు మాత్రము తగ్గలేదు. చివరకు హార్వే అను వైద్యుని మాటపై రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంపలు తగ్గించి, ఏడాదిలో 46 పౌనులు, అనగా 21 కిలోలు తగ్గినాడు. ఆ వృత్తాంతమును 1863లో చిన్న పుస్తకముగా అచ్చువేయించినాడు. ఇటీవల మన తెలుగునాట పిండిపదార్థములను మానిపించు పథ్యములకు వచ్చిన ప్రచారమును చూచినప్పుడు ఆ బాంటింగే గుర్తుకు వచ్చును. తగ్గించుటకు పళ్లెమే ముఖ్యము. తగ్గినదానిని నిలుపుటకు నడక ముఖ్యము.

నిలుపుకొనుట అన్నచోటనే అసలు కష్టమున్నది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయములో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారములు అర్ధాహారము నిచ్చినాడు. వారు తమ బరువులో ఇంచుమించు నాల్గవవంతు కోల్పోయిరి. దానితోపాటు వారి దేహము ఖర్చును తగ్గించుకొన్నది. మనస్సు ఎల్లవేళల తిండి చుట్టునే తిరిగినది. భోజనము మరల దొరికినప్పుడు ఆకలి అదుపు తప్పినది. కనుక తగ్గిన బరువు తిరిగి పెరిగినవానిని సోమరియని నిందించుట అన్యాయము. అతడు తన దేహము యొక్క పాత అలవాటుతో పోరాడుచున్నాడు. బ్రిటనులో 2017లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మధుమేహము వచ్చి ఆరేండ్లు నిండని వారికి వైద్యుల పర్యవేక్షణలో బరువు తగ్గించిరి. ఏడాదికి 46 శాతము మందికి మందులు లేకయే చక్కెర అదుపులోనికి వచ్చినది. 15 కిలోలు, అంతకు పైబడి తగ్గినవారిలో ఈ ఫలము 86 శాతము. రెండేండ్లకు ఆ 46 శాతము 36కు దిగినది. పెద్ద బరువును తగ్గించుకొనుట వలన కలుగు లాభము ఎంతటిదో, దానిని కాపాడుకొనుట ఎంత కష్టమో ఈ అంకెలే చెప్పుచున్నవి.

కాపాడుకొన్నవారు ఏమి చేసిరి? అమెరికాలో 1994నుండి ఒక పట్టిక నిర్వహింపబడుచున్నది. కనీసము 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి తక్కువ కాకుండ నిలుపుకొన్నవారికే అందులో చోటు. వారిలో అత్యధికులు దినమునకు సుమారు గంటసేపు శ్రమ చేయుదురు; తరచుగా తూకము చూచుకొందురు. ఉస్తాద్ తన శిష్యునకు నేర్పినదియు ఇదే కదా! బరువు అంతగా తగ్గనివారు కూడ నిరుత్సాహపడ నక్కరలేదు. 2006లో ప్రకటింపబడిన చెన్నై వైద్యుల పరిశోధనలో, మధుమేహమునకు అంచున ఉన్నవారు ఆహారమును, నడకను సవరించుకొనగా, తూకము పెద్దగా మారకున్నను, వ్యాధి వచ్చు ప్రమాదము 28.5 శాతము తగ్గినది.

పాతబస్తీ గృహములకు ఈ పాఠము ఎట్లు పనికివచ్చును? రంజానులో పగలంతయు ఉపవాసముండుట గొప్ప నియమము; అది ఆత్మ కొరకు. ఆ నెలలో సగటున ఒక కిలో, కొంచెము పైన తగ్గుదురనియు, తరువాత కొన్ని వారములలో అది తిరిగివచ్చుననియు పరిశోధనలు తెలుపుచున్నవి. హలీమును మానుమని మేము చెప్పుట లేదు. హలీమునకు పండుగ గౌరవమును తిరిగి ఇండని మాత్రమే మనవి. తక్కిన దినములలో జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, పలుచని మజ్జిగ పళ్లెమున సగమునకు పైగా ఉండవచ్చును. కడుపు నిండును, పోషణ మితముగా ఉండును, గాలెన్ చెప్పినదియు, చరకుడు చెప్పినదియు నెరవేరును.

స్త్రీల విషయము వేరుగా చెప్పవలసియున్నది. ఇరుకు గల్లీలలో పురుషునకు హోటలు వరకైనను నడక కలదు. ఇంటిలో ఉండు స్త్రీకి తిరుగలియు పోయినది, తాలింఖానా ఏనాడును లేకుండెను. బరువు పెరిగిన తరువాత మాత్రము నింద ఆమెకే. మిద్దెమీద అరగంట నడక, మెట్లు ఎక్కుట, ఇరుగుపొరుగు ఆడువారు నలుగురు కూడి తెల్లవారుజామున ఉద్యానవనమునకు పోవుట, ఇవి ఖర్చు లేని మార్గములు. ఇంటి మగవారు ఆ అరగంట వంటయింటి బాధ్యతను తాము వహించినచో అది సగము చికిత్స. మధుమేహమునకు, రక్తపుపోటునకు మందులు వాడువారు మాత్రము వైద్యుని అడుగకుండ ఉపవాసములు, కఠినపథ్యములు మొదలుపెట్టరాదు. ఆహారము తగ్గినప్పుడు మందు మోతాదు కూడ మారవలసియుండును.

ఇరువది కిలోలు తగ్గదలచినవారు వారమునకు అరకిలో చొప్పున లెక్కించినచో నలుబది వారములు, మధ్యలో వచ్చు పండుగలతో ఒక సంవత్సరము పట్టును. సంవత్సరము అనగా ఒక రంజాను, ఒక బోనాలు, ఒక దసరా, నాలుగు పెండ్లిండ్లు. వీనినన్నిటిని విడిచి బ్రతుకుట సాధ్యము కాదు, అవసరమును కాదు. దావతు జరిగిన మరునాడు రెండు మైళ్లు ఎక్కువ నడచి, రెండు పూటలు జొన్నరొట్టె తిన్నవాడు పద్దును సరిచూచుకొన్నవాడే. దారుల్‌షిఫా వైద్యులును, తాలింఖానా ఉస్తాదులును వేరువేరుగా చెప్పినది ఈ జమాఖర్చునే. దానిని ఇంటింట మరల వ్రాసికొనుట మన చేతిలోని పని.